ఓటు వేయాలా, ఎందుకు వేయాలి, ఎలా వేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు, కాలనీ గ్రూపులో, చుట్టాల గ్రూపులో, ఆఫీసు క్యాంటీన్లో అవే డౌట్లు మళ్ళీ మొదలవుతాయి. ప్రతిసారీ ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేయలేక అన్నీ ఒకచోట పెట్టాను. ఏ పార్టీకి వేయాలో ఇక్కడ ఉండదు. నాకూ ఒక ఇష్టం ఉంది, దాన్ని నా దగ్గరే ఉంచుకుంటాను. నేను చెప్పేది ఒక్కటే, మీరు ఏ జెండా మోసినా, అసలు ఏ జెండా మొయ్యకపోయినా బూత్ దాకా వెళ్ళి రమ్మని. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉన్నాయి, మీకు కావలసినది చూసుకుని మిగతావి వదిలేయొచ్చు.

## అసలు వేయడం ఎందుకు

లక్షల ఓట్లు పడతాయి, నా ఒక్క ఓటుతో ఏం మారుతుంది?

చాలా ఎన్నికల్లో ఏమీ మారదు, అబద్ధం చెప్పడం ఎందుకు. కానీ ఏ ఎన్నికలో మారుతుందో ముందుగా ఎవరికీ తెలియదు, చిక్కంతా అక్కడే. 1989 లోక్‌సభ ఎన్నికల్లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్ల తేడాతో. లోక్‌సభ సీటండీ, సర్పంచ్ ఎన్నిక కాదు. ఆ రోజు ఏదో ఒక ఇంట్లోవాళ్ళంతా పెళ్ళికి పొరుగూరు వెళ్ళి ఉంటే ఎంపీ మారిపోయేవాడు. 2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ సీటు 25 ఓట్లతో తేలింది, 2023లో చేవెళ్ళ 268 ఓట్లతో. ఇంకా దారుణం 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో జరిగింది. ముఖ్యమంత్రి రేసులో ఉన్న సి.పి. జోషి 62,215 ఓట్లు తెచ్చుకుని, 62,216 వచ్చిన ప్రత్యర్థి చేతిలో ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్ళిలోనూ ఒక్క ఓటే తేడా.

నేను వేయకపోతే ఎవరికి తెలుస్తుంది?

నాయకులకు తెలుస్తుంది. ఈ ఒక్క జవాబు చదివితే చాలు అనుకుంటాను నేను. మీరు ఎవరికి వేశారో రహస్యమే కానీ వేశారా లేదా అన్నది రహస్యం కాదు. బూత్‌లో కూర్చున్న ప్రతి పార్టీ ఏజెంటు దగ్గరా జాబితా ఉంటుంది, మీరు రాగానే మీ పేరు మీద గీత పడుతుంది. ఫలితాల తర్వాత ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో ఫారం 20 పేరుతో ఎన్నికల సంఘమే బయటపెడుతుంది. తర్వాతి ఐదేళ్ళూ పార్టీవాళ్ళు పట్టుకు తిరిగే లెక్క అదే. వెయ్యి ఓట్లున్న బస్తీలో ఎనిమిది వందలు పడితే, పక్కనే వెయ్యి ఓట్లున్న గేటెడ్ కమ్యూనిటీలో మూడు వందలు పడితే, ఎవరి డ్రైనేజీ ముందు బాగుచేస్తారో చెప్పడానికి పెద్ద విశ్లేషకులు అక్కర్లేదు. పైగా మీది తమకు పడుతుందో లేదో తెలియని ఓటు కాబట్టి మిమ్మల్ని ఒప్పించడానికి వాళ్ళు కష్టపడాలి. ఎప్పటికీ వేయరని తేలిపోయారనుకోండి, మీ గుమ్మం తొక్కే పని కూడా వాళ్ళకు ఉండదు. మీకు నచ్చిన పార్టీ అయినా అంతే, నచ్చని పార్టీ అయినా అంతే.

ఎవరు గెలిచినా ఒకటే కదా, అందరూ దొంగలే!

ఈ మాట అనే హక్కు మీకుంది, కోపం కూడా న్యాయమైనదే. కానీ ఆ కోపాన్ని ఇంట్లో సోఫాలో కూర్చుని చూపించినవాళ్ళకంటే బ్యాలెట్ మీద చూపించినవాళ్ళ మాటే ఢిల్లీ దాకా వినపడింది. 1996లో నల్లగొండ లోక్‌సభకు ఫ్లోరైడ్ నీళ్ళ బాధ, సాగునీటి డిమాండ్ చెప్పుకోవడానికి జనం కుప్పలుగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది! బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచేశారు (ఇప్పుడు 25,000).

2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులదీ అదే దారి. పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర కావాలి అని పోటీకి దిగితే మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చి పోలింగ్ జరిపారు. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. జాతీయ పసుపు బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది, 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే ప్రారంభమైంది. అది రైతుల వల్లే వచ్చిందా, మేమే తెచ్చామా అని పార్టీలు కొట్టుకోనివ్వండి. బోర్డు గురించి మాట్లాడకుండా అక్కడ ఎవరూ ఓటు అడగలేని పరిస్థితి తెచ్చింది మాత్రం రైతులే.

మా పార్టీ ఇక్కడ గెలిచేది లేదు, ఇంక నేను వెళ్ళడం ఎందుకు?

గెలుపు ఒక్కటే లెక్క కాదు కాబట్టి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే మీ అభ్యర్థికి డిపాజిట్ పోతుంది. రాష్ట్ర పార్టీగా గుర్తింపు కూడా ఓట్ల శాతంతో ముడిపడి ఉంది. అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద చెల్లిన ఓట్లలో 8 శాతం తెచ్చుకుంటే ఒక్క సీటు గెలవకపోయినా గుర్తింపు ఉంటుంది. అంటే ఓడిపోయే నియోజకవర్గంలో వేసిన మీ ఓటు కూడా ఆ 8లో కలుస్తుంది. పైగా ఈసారి ముప్పై వేల తేడాతో ఓడిన చోట వచ్చేసారి ఎవరూ టికెట్ అడగరు, మూడు వేల తేడా అయితే గట్టి మనిషి ముందుకొస్తాడు.

మావాడు ఎలాగూ గెలుస్తాడు. ఎండలో లైన్లో నిలబడాలా?

"ఎలాగూ గెలుస్తాడు" అని మీలాగే ఇంకో నాలుగు వేల మంది అనుకునే చోటే సీట్లు పోతుంటాయి.

నాకు నచ్చని పార్టీ వాళ్ళను కూడా ఓటు వేయమని చెప్పాలా? అది మా పార్టీకే నష్టం కదా?

చెప్పాలనే నా అభిప్రాయం. మా బాబాయికీ నాకూ రాజకీయాల్లో ఒక్క విషయంలోనూ పడదు, పోలింగ్ రోజు మాత్రం ఒకే బండి మీద వెళ్తాం, ఆయన ఓటు నా ఓటును కొట్టేస్తుందని ఇద్దరికీ తెలుసు. అలాగని ఇద్దరం ఇంట్లో కూర్చుంటే లెక్క సమానమే కదా అని మీరు అనొచ్చు. సమానం కాదు. మా వీధిలో రెండు ఓట్లు తగ్గినట్టు కనపడుతుంది, వీధి విలువ తగ్గుతుంది. రోడ్డు గుంత పార్టీ చూసి ఉండదు.

హైదరాబాద్‌లో ఓటింగ్ నిజంగా అంత ఘోరమా, లేక ఊరికే తిడతారా?

2024 మే 13న తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ పోలింగ్ జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం, దర్శి లాంటి చోట్ల 90 దాటింది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం దగ్గర ఆగిపోయింది. ఆ వారాంతం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారులు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఊళ్ళో ఓటు కోసం నగరం సగం ఖాళీ అయింది. 2022 మునుగోడు ఉపఎన్నికలో అయితే 93 శాతం, నగరానికి ఎంతో దూరం కూడా లేదు మునుగోడు.

నగరం తరఫున ఒక మాట చెప్పాలి. ఇక్కడి జాబితాల్లో ఇల్లు మారిపోయినవాళ్ళ పేర్లు, రెండుసార్లు ఎక్కిన పేర్లు, చనిపోయినవాళ్ళ పేర్లు ఎక్కువ, అందుకే శాతం ఉన్నదానికంటే కొంచెం తక్కువగా కనిపిస్తుంది. అయినా అదంతా తీసేసినా బద్ధకం మిగులుతుంది.

రోడ్డు వేసేదాకా మా ఊరంతా ఓటు బహిష్కరిస్తే?

బహిష్కరణ బ్యానరు కట్టగానే తహసీల్దారో ఆర్డీఓనో వస్తారు, మాట ఇస్తారు, ఆ మేరకు పని జరిగిన ఊళ్ళూ ఉన్నాయి. కాబట్టి బెదిరించడం వరకు పనికొచ్చే ఆయుధమే. నిజంగా వేయకుండా ఉంటే మాత్రం చట్టప్రకారం ఏమీ ఆగదు, పక్క ఊళ్ళ ఓట్లతో ఎవరో ఒకరు గెలుస్తారు, మీ బూత్‌లో సున్నా పడిందని చూసి "వీళ్ళ వల్ల నాకు ఒరిగిందేమీ లేదు" అనుకుంటారు. ఊరంతా కట్టుగా ఉన్నప్పుడు ఆ కట్టును ఓటుగా వాడుకుంటే బేరం ఇంకా గట్టిగా ఉంటుందని నాకనిపిస్తుంది.

ఆస్ట్రేలియాలోలా వేయకపోతే ఫైన్ వేయొచ్చు కదా?

అక్కడ 1924 నుంచి జాతీయ ఎన్నికల్లో తప్పనిసరి, సరైన కారణం లేకుండా మానేస్తే 20 డాలర్లు కట్టాలి. మన దగ్గర గుజరాత్ స్థానిక ఎన్నికల వరకు అలాంటి చట్టం తెచ్చింది, 2015లో హైకోర్టు ఆపేసింది. నాకైతే ఫైన్ ఆలోచన నచ్చదు, కూలి పనికి వలస వెళ్ళినవాడి మీదే ముందు పడుతుంది.

## పేరు నమోదు

ఓటర్ కార్డు చేతిలో ఉంది. మళ్ళీ జాబితాలో పేరు చూసుకోవడం ఎందుకు?

కార్డు ఉన్నంతమాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. జాబితాలో పేరుంటేనే ఓటు, కార్డు కేవలం గుర్తింపు కోసం. పోలింగ్ రోజు పొద్దున్నే బూత్ బయట "పదేళ్ళ నుంచి వేస్తున్నాను, నా పేరెలా తీసేస్తారు" అని గొడవపడేవాళ్ళు ప్రతిసారీ కనిపిస్తారు, అప్పుడు ప్రిసైడింగ్ ఆఫీసర్ (బూత్ బాధ్యత చూసే అధికారి) కూడా ఏమీ చేయలేడు. 2025లో బీహార్‌లో ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. మీ రాష్ట్రంలో ఎప్పుడు సవరణ జరిగినా, ఎన్నికలు వచ్చినా, ఎన్నికల సంఘం యాప్‌లోనో, ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లోనో ఎపిక్ నంబరు (ఓటర్ కార్డు మీద ఉండే నంబరు) కొట్టి చూడండి. నెట్ రాకపోతే 1950కి ఫోన్ చేయండి, లేదా మీ బీఎల్‌ఓని (బూత్ స్థాయి అధికారిని) అడగండి. చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరో స్కూలు టీచరో ఆ పని చూస్తుంటారు.

మా అబ్బాయికి ఈ ఏడాది 18 నిండుతాయి. ఎప్పుడు అప్లై చేయాలి?

ఫారం 6. ఇదివరకు జనవరి 1 నాటికి 18 నిండాలి, లేకపోతే ఏడాది ఆగాలి. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలున్నాయి, 17 నిండినవాళ్ళు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అసలు 1989కి ముందు 21 నిండితే గానీ ఓటు లేదు, 61వ రాజ్యాంగ సవరణతో 18కి తగ్గించారు. ఎన్నికల షెడ్యూలు వచ్చాక పరుగెత్తకండి, నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందే అందకపోతే ఆ ఎన్నికకు పేరు ఎక్కడం కష్టం.

ఇల్లు మారాం. మళ్ళీ ఫారం 6 నింపాలా?

వద్దు! ఫారం 6 మొదటిసారి నమోదుకే. ఇల్లు మారినా, ఊరు మారినా, పేరులో అక్షరం తప్పున్నా, కార్డు పోయినా అన్నింటికీ ఫారం 8. మళ్ళీ ఫారం 6 నింపడం వల్లే ఒకే మనిషి రెండుచోట్ల కనిపిస్తాడు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు వాళ్ళ పేరు తీయించడానికి ఫారం 7, అది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

హైదరాబాద్‌లో ఒక ఓటు, మా ఊళ్ళో ఒక ఓటు ఉంది. రెండూ ఉంచుకుంటే తప్పా?

తప్పే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరికి ఒకే చోట, ఒకేసారి నమోదు ఉండాలి, దరఖాస్తులో అబద్ధం చెబితే ఏడాది దాకా జైలు. "రెండు ఎన్నికలూ ఒకే రోజు ఉండవు కదా, అక్కడా వేస్తా ఇక్కడా వేస్తా" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళను చూశాను, అది గొప్ప కాదు, దొంగ ఓటుకు మర్యాదస్తుల పేరు. ఏది ఉంచుకోవాలో మీరే తేల్చుకోండి. నా సలహా అడిగితే, మీరు రోజూ ఏ నీళ్ళు తాగుతున్నారో, మీ పిల్లలు ఏ రోడ్డు మీద స్కూలుకు వెళ్తున్నారో అక్కడ ఉంచుకోండి. ఊరి మీద మమకారం ఉంటే పండక్కి వెళ్ళండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ళు వేయొచ్చా?

భారత పాస్‌పోర్టు ఉంటే ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులోని స్వదేశ చిరునామా ఉన్న నియోజకవర్గంలో పేరు నమోదు చేసుకోవచ్చు. కానీ ఓటు వేయడానికి మనిషే రావాలి, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి. పోస్టులో గానీ, ఆన్‌లైన్‌లో గానీ, వేరేవాళ్ళతో గానీ వేయించే వీలు లేదు. అందుకే దుబాయ్‌లో కష్టపడే మన కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్ళకు ఇది కాగితం మీది హక్కుగానే మిగిలింది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు, ఓసీఐ కార్డున్నా సరే, ఓటు లేదు.

గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఓటు దానంతట అదే వస్తుందా?

రాదు, అది వేరే జాబితా. ఫారం 18 నింపాలి, టీచర్లకైతే ఫారం 19. అక్కడ ఈవీఎం ఉండదు, కాగితం బ్యాలెట్ మీద వాళ్ళిచ్చే పెన్నుతోనే 1, 2, 3 అని ప్రాధాన్యం అంకెలు వేయాలి. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, జై అని రాసినా చెల్లదు. డిగ్రీ ఉన్నవాళ్ళకే ఓటుండే ఎన్నికలో ప్రతిసారీ వేల ఓట్లు చెల్లకుండా పోవడం మన చదువుల మీద మంచి జోకు.

## ఎవరికి వేయాలో తేలనప్పుడు

ఎవరూ నచ్చలేదు. నోటా నొక్కితే ఉపయోగం ఉందా?

2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. ముందు నుంచీ "ఎవరికీ వేయను" అని చెప్పే వీలుండేది కానీ రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి, అంటే బూత్‌లో అందరికీ తెలిసిపోయేది. నోటాతో అది రహస్యంగా జరుగుతోంది. అంతవరకే. నోటాకు ఎన్ని పడినా, మిగతావాళ్ళలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే గెలిచినట్టు. 2024లో ఇండోర్‌లో నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి, రెండో స్థానం నోటాదే, అయినా గెలిచినవాళ్ళు గెలిచారు. మహారాష్ట్ర, హర్యానా లాంటి రాష్ట్రాలు స్థానిక ఎన్నికల్లో మాత్రం నోటా మొదటి స్థానంలో ఉంటే మళ్ళీ ఎన్నిక పెట్టేలా నియమం తెచ్చుకున్నాయి.

అందరూ ఒకేలా ఉన్నారనిపించినా కొంచెం తక్కువ చెడ్డవాణ్ణి వెతకడమే నాకు ఇష్టం. నిజంగా వీలుకాకపోతే నోటా నొక్కండి, ఇంట్లో మాత్రం ఉండకండి. నోటా ఓటు లెక్కలో కనిపిస్తుంది, ఇంట్లో పడుకున్న ఓటు కనిపించదు.

అభ్యర్థి మీద కేసులున్నాయో లేదో ఎక్కడ చూడాలి?

నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. ఐదేళ్ళ క్రితం అఫిడవిట్ పక్కన పెట్టుకుని ఆస్తులు పోల్చి చూడండి, టీవీ డిబేట్ కంటే చాలా ఆసక్తిగా ఉంటుంది.

డబ్బులు తీసుకున్నాం. ఇప్పుడు వాళ్ళకే వేయాలా? వేయకపోతే పాపం కదా?

ముందు చట్టం సంగతి. ఓటు కోసం డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నేరమే, ఏడాది దాకా శిక్ష ఉంది. తీసుకోకండి. ఇస్తుంటే ఎన్నికల సంఘం వాళ్ళ సీ విజిల్‌లో ఫొటోనో వీడియోనో పెట్టొచ్చు, మీ పేరు చెప్పనక్కర్లేదు, 100 నిమిషాల్లో స్పందించాలని నియమం. 2019లో తమిళనాడులోని వెల్లూరు లోక్‌సభ ఎన్నిక డబ్బు దొరికిందనే రద్దయింది.

ఇక పాపం సంగతి. దేవుడి పటం ముందు ప్రమాణం చేయించుకుని డబ్బిచ్చే ఆచారం మన దగ్గర ఉంది, ముఖ్యంగా పెద్దవాళ్ళు దానికి భయపడతారు. భయంతో చేయించిన ఒట్టుకు కట్టుబడాల్సిన పనిలేదని మా అమ్మమ్మకు నేను చెప్పిన జవాబు, ఆవిడ నమ్మిందో లేదో నాకు తెలియదు. లోపల ఏ బటన్ నొక్కారో ఇచ్చినవాడికి తెలిసే దారి లేదు. మా వీధికి అందలేదని ధర్నాకు దిగిన ఊళ్ళను కూడా ఉపఎన్నికల్లో చూశాం. సిగ్గుపడాల్సింది ఎవరో మీరే చెప్పండి.

మా ఇంట్లో నాన్నగారు ఎవరికి చెబితే అందరం వాళ్ళకే వేస్తాం. తప్పా?

నాన్నగారి మాట మీకు నచ్చి వేస్తే తప్పేం లేదు. నచ్చకపోయినా వేస్తుంటే మాత్రం అక్కర్లేదు, అట్టపెట్టె చాటున మీరూ మిషనూ తప్ప ఎవరూ ఉండరు. ఆడవాళ్ళ ఓటు విషయంలో ఈ దేశం చాలా దూరం వచ్చింది. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికల జాబితాలు తయారుచేసినప్పుడు సొంత పేరు చెప్పకుండా "ఫలానావారి భార్య", "ఫలానావారి తల్లి" అని మాత్రమే రాయించుకున్న దాదాపు 28 లక్షల మంది పేర్లు తీసేయాల్సి వచ్చింది. ఇవాళ చాలా నియోజకవర్గాల్లో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళ ఓట్లే ఎక్కువ. మేనిఫెస్టోల్లో ఉచిత బస్సు, గ్యాస్ సిలిండరు ఎందుకు మొదటి పేజీలోకి వచ్చాయో ఊహించుకోండి.

## పోలింగ్ రోజు

మా కంపెనీ సెలవు ఇవ్వట్లేదు.

ఇవ్వాలి, అదీ జీతంతో. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 135బీ సెక్షన్ చెప్పేది అదే, రోజుకూలీలకూ వర్తిస్తుంది, ఓటు వేరే నియోజకవర్గంలో ఉన్నా వర్తిస్తుంది. యజమానికి జరిమానా 500 రూపాయల దాకానే, అందుకే కొందరు లెక్కచేయరు. 1950కి ఫోన్ చేస్తానని మర్యాదగా చెప్పి చూడండి, సాధారణంగా పని అవుతుంది.

ఓటర్ కార్డు కనపడట్లేదు, స్లిప్ మాత్రం ఉంది.

స్లిప్ ఒక్కటే చాలదు, 2019 నుంచి దాన్ని గుర్తింపుగా ఒప్పుకోవడం లేదు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్‌కార్డు, వీటిలో ఏదో ఒకటి తీసుకెళ్ళండి.

నేను వెళ్ళేసరికి నా ఓటు ఎవరో వేసేశారు!

తిరిగి వచ్చేయకండి. టెండర్ ఓటు కావాలని ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని అడగండి. మీరెవరో రుజువు చేసుకుంటే కాగితం బ్యాలెట్ ఇస్తారు, దాన్ని విడిగా కవరులో పెడతారు. మామూలు లెక్కింపులో అది కలవదు, కోర్టుకు వెళ్తే పనికొస్తుంది. "టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్" అని వాట్సాప్‌లో తిరిగేది పచ్చి అబద్ధం. ఛాలెంజ్ ఓటు అంటే పేరు లేనివాళ్ళు వేసేది అన్నదీ అబద్ధమే. ఎవరైనా ఏజెంటు "ఈయన ఆయన కాదు" అని 2 రూపాయలు కట్టి అభ్యంతరం పెట్టడాన్ని ఛాలెంజ్ అంటారు.

తాతయ్యకు 87 ఏళ్ళు, నడవలేరు.

85 దాటినవాళ్ళకు, 40 శాతం లేదా ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఫారం 12డీ ఇవ్వాలి, ఆ గడువు చాలామందికి తెలియక పోతుంది. ఒకసారి అది ఎంచుకుంటే మళ్ళీ బూత్‌కు వెళ్ళి వేయడానికి లేదు. చూపు లేనివాళ్ళు, సొంతంగా నొక్కలేనివాళ్ళు 18 నిండిన ఒక తోడును లోపలికి తీసుకెళ్ళొచ్చు.

లైన్లో ఉండగానే టైమ్ అయిపోతే?

టైమ్ ముగిసేసరికి లైన్లో ఉన్న అందరికీ చీటీలిచ్చి ఎంత రాత్రయినా వేయనివ్వాలి. 2024లో ఆంధ్రాలో కొన్ని బూత్‌లలో అర్ధరాత్రి దాటాక కూడా పోలింగ్ నడిచింది. నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి.

ఏ బటన్ నొక్కినా ఒకే పార్టీకి పడుతుందట కదా?

నొక్కాక పక్కనున్న వీవీప్యాట్ (చీటీ ముద్రించే మిషన్) అద్దంలో మీరు వేసిన గుర్తుతో చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది. హడావిడిగా వచ్చేయకుండా అది చూడండి. వేరే గుర్తు కనిపిస్తే అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు, ఏజెంట్ల ముందు మీ చేత పరీక్ష ఓటు వేయిస్తారు. అబద్ధమని తేలితే కేసు పెడతారు, కాబట్టి సరదాకు చేయకండి. పోలింగ్ మొదలయ్యే ముందు ఏజెంట్ల సమక్షంలో కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరుగుతుంది, లెక్కింపు రోజు ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో 5 బూత్‌ల చీటీలను మిషన్ లెక్కతో సరిచూస్తారు. అన్ని చీటీలూ లెక్కపెట్టాలన్న వాదనను 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ చర్చ చేయాల్సిందే, చేయండి. కానీ మిషన్ మీద అనుమానంతో ఇంట్లో కూర్చుంటే ఆ అనుమానం తీరదు, ఓటు మాత్రం పోతుంది.

ఓటు వేస్తూ సెల్ఫీ?

బయటికొచ్చి సిరా వేలు చూపిస్తూ దిగండి. లోపల మిషన్ ఫొటో తీస్తే కేసు, మీ రహస్యం మీరే అమ్ముకున్నట్టు కూడా.

## వేశాక

మా వీధివాళ్ళు ఎంతమంది వేశారో, ఎవరికి ఎన్ని పడ్డాయో చూడొచ్చా?

చూడొచ్చు. మీ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఫారం 20 అని బూత్‌ల వారీ లెక్క పెడతారు. మీ స్లిప్ మీదున్న పోలింగ్ స్టేషన్ నంబరుతో వెతకండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో ఆ కాగితం ప్రింటు తీసి పెడితే వచ్చే ఎన్నికకు పది ఓట్లయినా పెరుగుతాయి, ఎవరినీ తిట్టకుండానే.

నేను వేసినవాడు ఓడిపోయాడు. గెలిచిన ఎమ్మెల్యే దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

మీరు ఎవరికి వేశారో ఆయనకు తెలియదు, తెలిసినా అడక్కూడదు. గెలిచినవాడు తనకు వేయనివాళ్ళకూ ఎమ్మెల్యేనే. ఎంపీలకు నియోజకవర్గం పనుల కోసం ఏటా 5 కోట్ల రూపాయల నిధి ఉంటుంది, అది పార్టీ డబ్బు కాదు, మన పన్ను. ఒక్కరే కాకుండా వీధిలో రెండు పార్టీలవాళ్ళూ కలిసి సంతకాలు పెట్టి వెళ్ళండి. అర్జీ కింద పోలింగ్ బూత్ నంబరు కూడా రాయండి, జిరాక్సు కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని దాచుకోండి.